కింది కాగితం

నాలుగూ పదయింది. ఇంకా యాభై నిమిషాలు. మామూలు రోజుల్లో అయితే యాభై నిమిషాలు ఎంతలోకి, పక్క సీటు గుమాస్తాగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఒక్క కునుకు తీస్తే చెల్లిపోతాయి, కానీ ఇవాళ గోడగడియారానికి నడుం పట్టేసినట్టుంది, పెద్దముల్లు మూలుగుతూ మూలుగుతూ ఒక్కో గీతా దాటుతోంది. మూడో నంబరు కిటికీ వెనక కూర్చున్న పెద్దకోడలు దానికేసి చూడకూడదని ఒట్టు పెట్టుకుంటోంది, చూస్తోంది, మళ్ళీ ఒట్టు పెట్టుకుంటోంది. ఇక్కడ ఆవిణ్ణి పెద్దకోడలని ఎవరూ అనరు, ఆ పేరు ఇంటికే పరిమితం, యూనివర్సిటీ పిల్లలకి ఆవిడ మూడో కిటికీ. మూడో కిటికీకి ఇవాళ కోపంగా ఉంది, మూడో కిటికీ టీకి వెళ్ళింది, మూడో కిటికీ కళ్ళజోడు మార్చింది. ఏ మూల నుంచి ఏ అవకాశం వచ్చినా, ఏ విభాగంలో ఏ సభ జరిగినా ఆ కాగితం ముందు ఈ కిటికీకే రావాలి, ఆవిడ తేదీ సీలు వెయ్యాలి, రిజిస్టర్లో ఎక్కించాలి, ఎదురుగా వరండాలో ఉన్న ఆ పెద్ద బోర్డుకి గుచ్చాలి. దరఖాస్తులు తీసుకోవడం కూడా ఇక్కడే. సోమవారం సోమవారం 'రాబోయే కార్యక్రమాలు, అవకాశాలు' అని ఒక పెద్ద కాగితం తన చేత్తోనే రాసి అతికిస్తుంది, గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత ఉండదు. ఇదిగో ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది. మొక్కల ప్రదర్శన, రక్తదానం, బాగుచేసిన ఈతకొలను మళ్ళీ తెరవడం, ఉద్యోగమేళా, ఇంకేవో రెండు, చివర్న ఏడోది, శుక్రవారం సాయంత్రం అయిదున్నరకి ఆరుబయట రంగస్థలం మీద నాటకం, అందరూ ఆహ్వానితులే. దాని కింద ఇంకో కాగితం ఉందని ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. అయిదు దాటితే అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఆ కాగితం సోమవారం పొద్దున్న వచ్చింది. కవరు అంచు కత్తిరించి, సీలు వేద్దామని మడత విప్పితే, పాత పుస్తకాలూ చేతిరాత ప్రతులూ బాగుచేసే పనిలో రెండేళ్ళ శిక్షణ, దూరాన ఇంకో యూనివర్సిటీలో, ఉండడానికి గది, తిండి, చేతిఖర్చు, ఆపైన అక్కడే ఉద్యోగం, లైబ్రరీ కోర్సు చదివేవాళ్ళే అర్హులు, ప్రతి యూనివర్సిటీ నుంచీ ఒక్కరికి చోటు ఖాయం, దరఖాస్తులు శుక్రవారం సాయంత్రం అయిదులోగా. లైబ్రరీ కోర్సులో ఉన్నది పదకొండు మంది. ఆ పదకొండు మందిలో ఒకతె రోజూ పొద్దున్న తన ఇంట్లోనే, తన ఎదురుగానే కూర్చుని టీ తాగుతుంది. మరిది పెళ్ళాం. చిన్నకోడలు. ముప్ఫై ఒకటో ఏట మళ్ళీ పుస్తకాల సంచీ భుజాన వేసుకుని కాలేజీ పిల్లలా గంతులేసుకుంటూ బస్సెక్కే చిన్నకోడలు. చదువుతుండగానే పెద్దకోడలికి అటక మీది పెట్టె కిందకి దిగడం కనిపించింది, దాని మీద దుమ్ము దులపడం కనిపించింది, చిన్నకోడలు గుమ్మం దాటడం, తర్వాత ఆ ఇంట్లో మంచం మీద అత్తయ్య, మంచం పక్కన తను, రెండేళ్ళు, రెండేళ్ళెవరు చెప్పొచ్చారు, అక్కడే ఉద్యోగమట, వెళ్ళినదాన్ని మళ్ళీ మంచం దగ్గరికి రమ్మంటే వస్తుందా, వెర్రిదా ఏం. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. సీలు వేసింది. రిజిస్టర్లో ఎక్కించింది. బోర్డుకి గుచ్చింది. రూలు ప్రకారం ఒక్క తప్పు లేదు, దేవుడొచ్చి రిజిస్టరు తిరగేసినా తప్పు పట్టలేడు. తర్వాత దాని మీద ఈ వారం కార్యక్రమాల కాగితం పెట్టి నాలుగు మూలలా నాలుగు పిన్నులు గుచ్చింది.

రెండు గుచ్చాలి. ఈ బోర్డు ధర్మం అది. తనకంటే ముందు ఇక్కడ పనిచేసిన ముసలాయన, బోర్డు తాత అనేవాళ్ళు, పిన్నులు పెదాల మధ్య బిగించి పట్టుకుని ఆ సందులోంచే మాట్లాడేవాడు, చేరిన మొదటి రోజే చెప్పాడు, అమ్మాయ్, పైన రెండే పిన్నులు, కింద వదిలెయ్యాలి, పిల్లలు కాగితం ఎత్తి అడుగున ఏముందో చదువుకుంటారు, పై కాగితం ఎప్పుడూ ఊరికే కబుర్లు, అసలు సంగతి అడుగునే ఉంటుంది. నాలుగు పిన్నులు రెండింటికే. పరీక్ష ఫలితాలకీ, చావు కబురుకీ. నాలుగు పిన్నులున్న కాగితాన్ని ఎవరూ ఎత్తరు. ఈ ముచ్చట ఇంట్లో భోజనాల దగ్గర ఎన్నిసార్లు చెప్పిందో, తనకి ఆఫీసంటూ ఒకటుందనీ అందులో ఒక విద్య ఉందనీ వాళ్ళకి తెలియాలి కదా, కట్టుకున్నాయన వినేవాడు కాదు, మరిది ఆవలించేవాడు, చిన్నకోడలొక్కతే పగలబడి నవ్వి, అయితే మనింట్లో అత్తయ్య మంచానికి ఎన్ని పిన్నులక్కా అనేది. అత్తయ్యకి వినిపించేలాగే అనేది. దాని నోటికి అడ్డూ ఆపూ ఉండదు, అయినా దానిదే చెల్లుతుంది ఆ ఇంట్లో, ఎందుకు చెల్లుతుందో ఆ పైవాడికే తెలియాలి.

ఎందుకు చెల్లుతుందో పెద్దకోడలికీ తెలుసు. పెళ్ళయిన మూడో నెలలో అత్తయ్యకి కుడిపక్క చచ్చుబడింది. అప్పుడు పెద్దకోడలు ఇదే యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతోంది, ఆ ఎదురు భవనంలోనే, పై అంతస్తు, కిటికీ పక్క బెంచీ. పది రోజులు సెలవు పెట్టింది. ఆ పది రోజులు పదమూడేళ్ళయ్యాయి. తెల్లారగట్ల లేచి అత్తయ్యని ఆ పక్కకి తిప్పడం, వీపు తుడిచి పౌడరు రాయడం, పుండు పడే చోట వేలితో నొక్కి చూడటం, చెంచాతో పాలు పడితే సగం మెడ మీదకి కారడం, కారినందుకు ఆవిడే తిట్టడం, మాట సగమే వస్తుంది కానీ తిట్టు మాత్రం పూర్తిగా వస్తుంది. ఏడేళ్ళ తర్వాత చిన్నకోడలు వచ్చింది. వచ్చిన రెండో ఏడు, ఒక సాయంత్రం అందరూ ఉండగా, అత్తయ్య సగం నోటితో, ఈ పిల్లని చదువుకోనివ్వండిరా, బుర్రున్న పిల్ల అంది. పెద్దకోడలు అప్పుడు ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని గోళ్ళు తీస్తోంది. తీస్తూనే ఉంది. చిటికెన వేలు దగ్గర కత్తెర కొంచెం లోపలికి దిగింది, రక్తం చుక్క వచ్చింది, చచ్చుబడిన కాలు కదా, ఆవిడకి తెలియలేదు. పొద్దున పెద్దకోడలు, సాయంత్రం చిన్నకోడలు, పగలంతా కూర్చోడానికి ఒక ఆయమ్మ, గడియారంలో ఆరవగానే చెప్పులు తొడుక్కునే ఆయమ్మ, ఇదీ ఏర్పాటు. ఈ ముక్కాలిపీటకి ఒక కాలు ఊడితే మిగతా ఇల్లంతా ఎవరి మీద పడుతుందో లెక్క వెయ్యడానికి పెద్ద చదువు అక్కర్లేదు, రెండో ఏడు ఆపేసిన చదువు చాలు. అవును, అసూయే. అసూయ కాదని తనకి తను చెప్పుకోవడానికి సోమవారమంతా ప్రయత్నించింది, రాత్రికి విసుగెత్తి మానేసింది. తను ఈ కిటికీ వెనక ముసలిదైపోతుంటే అది ఎగిరిపోతుందా. పోదు. అంతే.

నాలుగున్నర. ఎవరో అబ్బాయి వచ్చి ఉద్యోగమేళాకి ఫొటోలు ఎన్ని కావాలని అడిగాడు, రెండు అంది, రంగువా మామూలువా అన్నాడు, మనిషిలా కనిపిస్తే చాలు అంది. వాడు నవ్వుకుంటూ పోయాడు. తనకీ నవ్వొచ్చింది, ఆశ్చర్యం, ఈ వారమంతా తను ఎంత హాయిగా నవ్వుతోందో. తప్పు చేసినవాళ్ళకి నిద్ర పట్టదంటారు, అబద్ధం, ఇంత బాగా ఎప్పుడూ పట్టలేదు. పైగా మంచితనం పొంగుకొచ్చింది. మంగళవారం సాయంత్రం చిన్నకోడలు కొంగు బిగించి అత్తయ్య గదిలోకి వెళ్ళబోతుంటే, నువ్వు చదువుకో చెల్లీ నేను చూస్తాలే అంది. ఆ మాట నోట్లోంచి వచ్చాక తనే బిత్తరపోయింది. చెప్పడం ఎంత తేలిక. బుధవారం రెండు పూటలూ తనే. గురువారం చిన్నకోడలు బట్టలు కూడా తనే ఆరేసింది, కూరలో మెత్తటి ముక్కలు ఏరి దాని కంచంలో వేసింది. దోచుకున్నవాడు దానం చేస్తుంటే చెయ్యి ఎంత ధారాళంగా వస్తుందో ఆవిడకి ఈ వారమే తెలిసింది. బుధవారం భోజనాల దగ్గర అయితే ఇంకో మెట్టెక్కింది, ఆయనా మరిదీ ఉండగా, తలుపు తీసి ఉన్న గదిలో అత్తయ్య వింటుండగా, నీకెక్కడికైనా వెళ్ళే అవకాశమొస్తే ఇంటి బెంగ పెట్టుకోకు చెల్లీ, అత్తయ్య సంగతి నాది, ప్రాణం ఉన్నంతవరకూ నాది, అని గట్టిగా అనేసింది. దారి మూసేశాక ఎన్ని వరాలైనా ఇవ్వొచ్చు కదా. మరిది కళ్ళు తుడుచుకున్నాడు. కట్టుకున్నాయన పదమూడేళ్ళలో మొదటిసారి తనకేసి పెళ్ళినాటి చూపు చూశాడు. చిన్నకోడలు మాత్రం అన్నం కలుపుతూ, తలెత్తకుండా, నిజంగానా అక్కా అంది. నిజంగానే అంది తను. ఇంకోసారి చెప్పు అంది అది. ఇంకోసారి చెప్పింది.

ఆ తలెత్తకపోవడం ఒక్కటే కాస్త గుచ్చుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే, దానికేం తెలుసని. మంగళవారం పొద్దున్న మాత్రం ప్రాణం గొంతులోకొచ్చింది. చిన్నకోడలు బోర్డు ముందు నిలబడింది, వీపు ఇటు, చాలాసేపు. ఇక్కణ్ణుంచి దాని జడ, పుస్తకాల సంచీ, మోచెయ్యి కొంచెం కదలడం, అంతే కనిపించింది. మెడ చాచి చూద్దామంటే ఎదురుగా ఎవరో ముక్కు చీదుకుంటూ రసీదు కోసం నిలబడ్డారు. తర్వాత అది కిటికీ దగ్గరికి వచ్చి, కటకటాల మీద గడ్డం ఆనించి, అక్కా శుక్రవారం నాటకముందట, నీ అక్షరాలు ఎంత ముద్దుగా ఉంటాయో అంది. అమ్మయ్య అనుకుంది తను. నాటకాల పిచ్చిది. చూడ్డానికి బుర్రున్న పిల్ల, ఎదురుగా ఉన్నది కనిపించదు. లైబ్రరీ కోర్సు మేడం సెలవులో ఉంది, మిగతా పదిమందీ పరీక్షల హడావుడిలో ఉన్నారు, ఒక్కడు నిన్న వచ్చి కాగితం కింది ఎడమ మూల పట్టుకుని ఎత్తబోయాడు కూడా, రాలేదు, పిన్నులు చూసి ఊరుకున్నాడు.

నాలుగూ నలభై. ఇంక ఫరవాలేదు. ఇప్పుడు చూసినా ఎవరూ నాలుగు పేజీల ఫారం నింపి, ఫొటో అతికించి, మార్కుల కాగితం జతచేసి తేలేరు. గుండె తేలికపడింది, తేలికపడిన గుండెలోకి ఎందుకో నిన్న సాయంత్రం వచ్చి కూర్చుంది. అత్తయ్యకి ఒళ్ళు తుడుస్తుంటే ఎడమ బొటనవేలి మీద ఊదారంగు మరక. ఏ మందో ఒలికిందనుకుంది. సబ్బు పెట్టి రుద్దింది, పోలేదు, ఇంకా గట్టిగా రుద్దింది, గోటి సందులో బట్ట పెట్టి తోమింది. అత్తయ్య నవ్వింది. పదమూడేళ్ళలో ఆవిడ పెద్దకోడలి ముందు నవ్వడం అదే, సగం నోరు పైకి లేచి, మిగతా సగం చచ్చుగా వేలాడుతూ, గొంతులోంచి కీచుమని ఒక చప్పుడు. చక్కిలిగింత పెట్టిందేమో అనుకుంది. తనూ నవ్వింది. ఇద్దరూ నవ్వుకున్నారు, పాపం ముసలిది అనుకుంది తను, ఎంత చేసినా మనిషే కదా, ఇంక కసురుకోకూడదు అనుకుంది. ఆ వేలు వదిలి దుప్పటి కప్పింది.

నాలుగూ యాభై. గుమాస్తాగారి తల ముందుకి వాలి మళ్ళీ లేచింది. వరండాలో ఎవరూ లేరు, నాటకానికి కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు దూరంగా. పెద్దకోడలు సీలు మూత పెట్టబోయింది.

"అక్కా, ఇది తీసుకో."

చిన్నకోడలు. పరిగెత్తుకు రాలేదు, రొప్పడం లేదు, జడ చక్కగా అల్లుకుని ఉంది, చేతిలో బ్రౌను కవరు. ఇంతలో అది మెడ పక్కకి వంచి, "గుమాస్తాగారూ, నమస్తే, బాగున్నారా?" అని అవసరం లేనంత గట్టిగా పలకరించింది. ఆయన ఉలిక్కిపడి లేచి, కళ్ళు నులుముకుని, మన చిన్నమ్మాయేనా, రామ్మా రా అన్నాడు. ఇప్పుడింక ఆయన మేలుకునే ఉన్నాడు.

కవరు అంటించలేదు. కిటికీలో తీసుకునేవాళ్ళు విప్పి అన్నీ ఉన్నాయో లేదో చూడాలి, అది కూడా రూలే. మొదటి పేజీ, ఫొటో, మార్కుల కాగితం, దాని మీద సంతకం, ఏదో ఒకటి తక్కువుంటుంది, ఎవరి దాంట్లో అయినా ఏదో ఒకటి తక్కువుంటుంది, ఇరవయ్యోసారి ఫారం నింపేవాళ్ళకి కూడా తారీకు రాయడం మర్చిపోతారు, దేవుడా ఒక్కటి, ఒక్క గడి ఖాళీగా ఉంటే చాలు. తారీకుంది. అన్నీ ఉన్నాయి. ఇంట్లో కూర్చోబెట్టి ఫారాలు నింపడం నేర్పింది తనే. నాలుగో పేజీలో, ఇంట్లో మీ మీద ఆధారపడినవాళ్ళుంటే ఈ రెండేళ్ళూ ఎవరు చూసుకుంటారు, అన్న ప్రశ్న కింద చిన్నకోడలి రాత, మంచానపడిన మా అత్తగారిని మా తోడికోడలు చూసుకుంటారు, వారు ఇదే యూనివర్సిటీ ఉద్యోగి, కుటుంబమంతటి ఎదుటా రెండుసార్లు మాటిచ్చారు. కింద మరిది సంతకం. దాని కింద తన మొగుడి సంతకం, ఆ వంకర తోకతో సహా ఆయనదే. ఆ పక్కన, గడి దాటిపోయేంత పెద్దగా, ఊదారంగులో, ఒక బొటనవేలి ముద్ర.

గడియారం టిక్కుమంది, ఇప్పుడు మాత్రం దానికి ఎక్కడలేని చురుకూ వచ్చింది.

"ఎప్పుడు చూశావ్?" అంది పెద్దకోడలు.

"మంగళవారం పొద్దున్నే." చిన్నకోడలు కటకటాల మీద గడ్డం ఆనించింది, ఆ రోజులాగే. గొంతు తగ్గించింది. "నాలుగు పిన్నులున్నాయక్కా. రిజల్ట్సు రాలేదు, ఎవరూ చచ్చిపోలేదు. మరి నాలుగెందుకా అని కింద ఒకటి గోటితో పీకి చూశా. నువ్వే కదా చెప్పావు, అసలు సంగతి అడుగునే ఉంటుందని."

"మరి నాతో..."

"నీతో ఏం చెప్పను? మళ్ళీ ఎలా ఉన్న పిన్ను అలా గుచ్చేశా. మా క్లాసులో నాకంటే మార్కులొచ్చినవాళ్ళు నలుగురున్నారు. ఉన్నది ఒక్క చోటు. నువ్వు రెండు పిన్నులే పెట్టుంటే ఆ చోటు నాకు వచ్చేది కాదు." అది నవ్వింది, నవ్వులో వెటకారం కూడా లేదు, అదే భరించలేనిది. "నీ రుణం తీర్చుకోలేనక్కా, నిజంగా."

"మీ బావగారికి చెప్పావా?"

"నువ్వు మూసిపెట్టిన సంగతా? ఎవరికీ చెప్పలేదు. నాకు అవకాశమొచ్చిందని చెప్పానంతే, నీకు నేనే చెప్తానన్నా, వదిన మాటిచ్చింది కదా వెళ్ళు అన్నారు అందరూ. అత్తయ్యకి మాత్రం ముద్ర వేయించేటప్పుడు మొత్తం చెప్పా. పాపం ఆవిడకి కాలక్షేపం ఏముంటుంది. ఇంకెవరికీ చెప్పను కూడా, నువ్వు మాట మీద ఉన్నంతకాలం."

"ఏమ్మా, సీలు వెయ్యరేం, అయిదవుతోంది," అన్నాడు గుమాస్తాగారు, ఒళ్ళు విరుచుకుంటూ. "ఇంటి పిల్లకి కూడా వెయిటింగేనా?"

నాలుగూ యాభై ఆరు. చేతికి సీలు తగిలింది. ఒక్క క్షణం, సీలులో తేదీ చక్రం బొటనవేలితో ఒక పన్ను ముందుకి తిప్పితే, అంతే, రేపటి తేదీ పడుతుంది, ఎవరు చూస్తారు, గుమాస్తాగారు చూస్తాడు, చూస్తున్నాడు, ఇదీ చూస్తోంది, కన్నార్పకుండా తన బొటనవేలి కేసే చూస్తోంది. పెద్దకోడలు సీలు వేసింది. పదమూడేళ్ళ మంచంతో పాటు ఆరేళ్ళ ఈ కుర్చీ కూడా ఉంది కదా, సీలు నిటారుగా, తేటగా, చూడముచ్చటగా పడింది. రసీదు చింపి ఇచ్చింది.

చిన్నకోడలు రసీదు మడిచి పర్సులో పెట్టుకుంది. "నాటకానికి వెళ్తున్నానక్కా. ఆయమ్మ ఆరింటికి వెళ్ళిపోతుంది, మర్చిపోకు," అని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "నిన్నటి కూర చాలా బాగుంది," అంది.

అయిదు కొట్టింది. శుక్రవారం అయిదింటికి గడువు దాటిన కాగితాలు తీసెయ్యాలి. పెద్దకోడలు బోర్డు దగ్గరికి వెళ్ళింది. పైన ఎడమ పిన్ను, పైన కుడి పిన్ను, కింద ఎడమది, మూడూ బిగిసి ఉన్నాయి, గోరు విరిగింది. కింద కుడిది వేలు తగలగానే ఊడి చేతిలో పడింది. ఇన్నాళ్ళూ అది ఊరికే నిలబడి ఉంది. పై కాగితం చుట్టచుట్టింది, కింది కాగితం మడిచింది, కిటికీకి తిరిగొచ్చి రిజిస్టరు తెరిచి ఆ వరసలో, ప్రదర్శించిన రోజులు అయిదు, వచ్చిన దరఖాస్తులు ఒకటి, అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టింది. బస్సు అయిదుంబావుకి. అది తప్పితే ఆయమ్మ వెళ్ళిపోతుంది, ముసలిది ఒక్కతే ఉంటుంది, ఉండనీ, లేదు, ఉండకూడదు, మాటిచ్చింది, రెండుసార్లిచ్చింది. మెట్లు దిగుతుంటే పచ్చిక మీద కుర్చీలు నిండుతున్నాయి, ఎవరో మైకులో ఒకటి రెండు మూడు అంటున్నారు. ఇంటికి వెళ్ళాలి, చెప్పులు విప్పాలి, వేణ్ణీళ్ళు పెట్టాలి, మందు పట్టాలి, వీపు తిప్పాలి, ఎడమ చెయ్యి పైకెత్తి తుడవాలి. నిన్న ఆ వేలు రుద్దుతుంటే అత్తయ్యకి చక్కిలిగింత పెట్టలేదు. ఇవాళ మరక ఇంకా ఉంటుంది. ఆవిడ మళ్ళీ నవ్వుతుంది, రేపూ నవ్వుతుంది, ఎల్లుండీ నవ్వుతుంది, ఆ చెయ్యి పట్టుకుని తను తుడుస్తూనే ఉండాలి. పెద్దకోడలు బస్సు కోసం పరిగెత్తింది.